బొమ్మ ముందు, కథ తర్వాత

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. నేను అక్షరాలు దిద్దింది మా ఆయన పోయిన తర్వాత, మనవరాలు పక్కన కూర్చుని పలక పట్టిస్తే. ఒత్తు పడాల్సిన చోట పడకపోయినా, దీర్ఘం ఉండకూడని చోట ఉన్నా చదివేవాళ్లు సర్దుకోవాలి. రాయడం కూడా నాకు నిదానమే. ఒక వాక్యం రాస్తాను, పొయ్యి మీద ఏముందో చూసొస్తాను, మళ్లీ ఇంకోటి రాస్తాను. ఉగాదికి మొదలుపెట్టిన ఈ కథ దసరాకి అయింది.

ఇది భుజంగరావు గారి కథ. ఆయన పేరు ఇప్పటి పిల్లలకు తెలియదు. ఒకప్పుడు మాత్రం ఏ బస్టాండులోనైనా పుస్తకాల కొట్టు ముందు నిలబడి, “త్రిలోక్ కొత్తది వచ్చిందా?” అని అడిగేవాళ్లకు లెక్కుండేది కాదు. డిటెక్టివ్ త్రిలోక్‌ను పుట్టించింది ఆయనే. తెనాలి కరెంటాఫీసులో గుమాస్తాగా ఉంటూ, పొద్దున్నే లేచి రాసుకుని, తర్వాత స్నానం చేసి ఆఫీసుకు వెళ్లేవారు. అరచేతిలో ఇమిడే పుస్తకాలవి. అద్దె దుకాణాల్లో చేతులు మారి మారి చివరి పేజీ ఊడిపోయేది. హంతకుడెవరో తెలియక చదివినవాళ్లు ఆయనకు ఉత్తరాలు రాసేవాళ్లు. ఆయన ఓపిగ్గా కార్డు ముక్క మీద పేరొక్కటి రాసి పంపేవారు.

ఆ పుస్తకాలకు ఒక పద్ధతి ఉండేది. చెప్తే బయటివాళ్లు నమ్మరు. కథ రాశాక అట్ట వేయడం కాదు, అట్ట వేశాక కథ రాయడం. రంగుల అట్టలు శివకాశిలో అచ్చయ్యేవి. ఒక్కొక్కటీ విడిగా వేయిస్తే గిట్టదని బెజవాడ పబ్లిషరు రాబోయే పుస్తకాల అట్టలన్నీ ఒకే పెద్ద కాగితం మీద ఒకేసారి కొట్టించి తెచ్చుకునేవాడు. పేరు కూడా దానిమీద తనే అచ్చేయించేవాడు. ‘వానలో వచ్చిన వదిన’, ‘ఆకుపచ్చ కిటికీ’, ఇలాంటివి. ఆ అట్ట తెనాలి బస్సు డ్రైవరు చేతిలో పెట్టి పంపేవాడు. అంతే. ఇక ఆ బొమ్మకు సరిపోయే హత్య ఒకటి భుజంగరావు గారు చేయించాలి.

ఆయనకు అది కష్టమనిపించేది కాదు. అట్టను ఎదురుగా గోడకు గుచ్చుకుని చూస్తూ కూర్చునేవారు. పచ్చచీర కట్టిన ఆడమనిషి కిటికీ దగ్గర నిలబడి బెదురుగా వెనక్కి చూస్తూ ఉంటుంది. అంతవరకు ఎవరైనా గీస్తారు. కానీ కింద మూలలో సత్తు చెంబు ఒకటి బోర్లా పడి ఉంటుంది. ఆ బొమ్మకు దానితో పనేం లేదు. మరి అదెందుకు పడింది? ఎవరి కాలు తగిలింది? అక్కడినుంచి కథ కదిలేది. ప్రతి అట్టలోనూ అలాంటి అక్కర్లేని వస్తువు ఒకటి ఉండేది. ప్రతి అట్ట అడుగునా చిన్న అక్షరాలతో ‘మస్తాన్’ అని ఉండేది.

ఆ మస్తాన్‌ను భుజంగరావు గారు ఒక్కసారి కూడా చూడలేదు. తెనాలి నుంచి మస్తాన్ ఉండే బెజవాడ ఎంత దూరం గనక? కానీ ఇద్దరూ కలిస్తే ఎవరికెంత ఇస్తున్నాడో బయటపడుతుందని పబ్లిషరు భయం. “ఆయన ఊళ్లో లేడండీ” అని ప్రతిసారీ తప్పించేవాడు. తర్వాత టీవీలొచ్చాయి, అద్దె దుకాణాలు మూతపడ్డాయి, త్రిలోక్ ఆగిపోయాడు. భుజంగరావు గారు రిటైరై, భార్య బాలాత్రిపురసుందరి గారితో కలిసి బెంగుళూరులో కూతురు సౌమ్య దగ్గరికి వచ్చేశారు. వర్తూరులో మా వీధి చివరి ఇంటి మేడమీద ఉంటారు.

అలా ఉండగా కిందటేడు ఒక ఆదివారం శ్రీజ అనే అమ్మాయి వాళ్లింటికి వచ్చింది. సౌమ్యకు స్నేహితురాలు. బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో పని. ఫోనులో కథలు వినిపించే కంపెనీ అది.

“అంకుల్, మా మమ్మీ మీకు పెద్ద ఫ్యాన్. త్రిలోక్ కమ్‌బ్యాక్ చేస్తే సూపర్ హిట్ అండీ. కొత్త స్టోరీ, వారానికి ఒక ఎపిసోడ్. యాక్టర్లతో చదివిస్తాం. మీరు జస్ట్ రాసిస్తే చాలు.”

“నేనా? ఇప్పుడా?” అన్నారు భుజంగరావు గారు. కానీ మొహం మాత్రం వెలిగిపోయింది.

“రాయలేకపోయినా పర్లేదు అంకుల్. త్రిలోక్ పేరు మాకు ఇచ్చేస్తే మా రైటర్స్ టీమ్ చూసుకుంటుంది. మీకు ఏది కంఫర్టబుల్ అయితే అది.”

ఆ అమ్మాయి మంచిగానే అంది. ఆయనకు మాత్రం అన్నంలో రాయి తగిలినట్టైంది. “రాస్తానమ్మా. నేనే రాస్తాను” అన్నారు. దసరా లోపల మొదటి ఎపిసోడ్ ఇవ్వాలని, ఇవ్వలేకపోతే త్రిలోక్‌ను వాళ్లకు రాసిచ్చెయ్యాలని మాటైంది.

మర్నాడు పొద్దున్నే లేచి బల్ల ముందు కూర్చున్నారు. తెల్లకాగితం ఎదురుగా ఉంది. గోడ ఖాళీగా ఉంది. ‘త్రిలోక్ సిగరెట్ వెలిగించాడు’ అని రాశారు. కొట్టేశారు. ‘త్రిలోక్ సిగరెట్ మానేశాడు’ అని రాశారు. అదీ కొట్టేశారు. వారం గడిచినా అదే తంతు. చేయి ఆడుతోంది, బుర్ర బాగానే ఉంది, కథ మాత్రం అడుగు వేయడం లేదు.

సుందరి గారు కాఫీ తెచ్చి పెడుతూ, “అలా గోడకేసి చూస్తూ కూర్చుంటే కథ రాలదండీ, సున్నం రాలుతుంది” అన్నారు.

“గోడమీద ఏముందే చూడడానికి? బొమ్మ లేదు. బొమ్మ లేకుండా నేనెప్పుడు రాశాను?”

ఆ ముక్క ఆయన నోటినుంచి వచ్చాకే ఆయనకూ తెలిసింది. శ్రీజకు ఫోన్ చేసి, ముందు అట్ట కావాలని అడిగారు. ఆ అమ్మాయి నవ్వి, పది నిమిషాల్లో ఫోనుకు నాలుగు బొమ్మలు పంపింది. కంప్యూటరు గీసినవట. అందమైన అమ్మాయి, చేతిలో పిస్తోలు, వెనక వాన. భుజంగరావు గారు కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశారు.

“బాగానే ఉందిగా?” అన్నారు సుందరి గారు.

“బాగుంది. కానీ ఈ పిల్ల ఎక్కడా నిలబడలేదు. ఇంత వానలో కాళ్లకు బురద లేదు. ఈమె ఇంట్లో చెంబు ఉండదు, చీపురు ఉండదు. ఈమెను ఎవరు చంపితే ఎవరికి బాధ?”

ఫోను పక్కన పెట్టి, అప్పటిదాకా తట్టని పని ఒకటి చేశారు. బెజవాడ పబ్లిషరు ఎప్పుడో పోయాడు. ఆయన కొడుకు మోహన్‌కుమార్ స్టేషనరీ కొట్టు నడుపుతున్నాడు. అతనికి ఫోన్ చేసి, మస్తాన్ ఉన్నారా అని అడిగారు.

“ఉన్నారండీ! అసలు మీ బెంగుళూరులోనే ఉన్నారు. కొడుకు ఫ్యాక్టరీలో చేరితే హెబ్బగోడి వెళ్లిపోయారు. పుస్తకాలు పోయాక కొన్నాళ్లు షాపు బోర్డులు రాశారు, ఫ్లెక్సీలొచ్చాక అదీ పోయింది. నంబరు పంపుతాను.”

ఇన్నాళ్లూ ఒకే ఊళ్లో ఉండి తెలియలేదు. ఆ మర్నాడే ఆటో మునిరాజును పిలిచారు. మునిరాజుది వర్తూరే. తాతల నాటినుంచి ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు.

“హెబ్బగోడినా? యాడో ఆ కొసకుండాది సార్. ఈ ట్రాఫిక్‌లో పోవాలంటే బేజారైపోతాది” అన్నాడు మునిరాజు. ఆటో మాత్రం అప్పటికే తిప్పాడు. “అంత దూరం ఏం పని సార్?”

“ఒక బొమ్మ కోసం మునిరాజూ. కథ రాయాలి.”

“ఏం కథ?”

“హత్య కథ.”

“అట్లనా! నాకు తెలుగు మాట్లాడేకి వస్తాది గానీ చదివేకి రాదు సార్. కన్నడ మీడియం. చంపినోడు ఎవడో ఇప్పుడే చెప్పేయండి, నాకు సస్పెన్స్ ఆగదు.”

“నాకే తెలియదయ్యా.”

“ఇదేందప్పా! రాసేవాళ్లకే తెలీకుంటే ఇంగ పోలీసులకేం తెలుస్తాది?” అని మునిరాజు సర్జాపురం రోడ్డు పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు.

హెబ్బగోడిలో మస్తాన్ గారిది వఠారంలో ఒక గది. పొడుగాటి సందు, దానికి ఒకే పక్క వరసగా గదులు, అన్నిట్లోనూ ఫ్యాక్టరీ పనివాళ్లు. ప్రతి తలుపు ముందూ చెప్పులు, నీళ్ల డ్రమ్ములు. సందు మొదట్లోనే సన్నగా, పొడుగ్గా, తెల్లగడ్డంతో ఒక మనిషి ఎదురుచూస్తూ నిలబడి ఉన్నారు.

“భుజంగరావు సారేనా?”

“మస్తాన్ గారూ!”

ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. జీవితంలో సగం కలిసి పనిచేసిన మనుషులు మొదటిసారి మొహాలు చూసుకుని, “ఎండ బాగా ఉంది” అని ఒకరంటే, “అవునవును, ఎండే” అని ఇంకొకరన్నారు.

గదిలోంచి ఆయన భార్య ఖాసింబీ గారు బయటికొచ్చారు. భుజంగరావు గారు ఆమెను చూసి బిగుసుకుపోయారు. జుట్టు నెరిసింది, పళ్లు రెండు పోయాయి. కానీ ఆ ముక్కు, ఆ కనుబొమలు, మెడ వెనక్కి తిప్పి చూసే ఆ చూపు... ‘ఆకుపచ్చ కిటికీ’ ఆమె. ‘వానలో వచ్చిన వదిన’ ఆమె. అన్ని అట్టలమీదా ఆమే.

“మీరేనా ఆ భుజంగరావు?” అందావిడ నడుం మీద చెయ్యేసుకుని. “నన్ను ఇన్నిసార్లు చంపింది మీరేనా?”

“అమ్మా...”

“మాట్లాడకండి. ఆ రోజుల్లో మోడలు కావాలంటే మేమెక్కడ తేగలం? ఈయన నన్ను నిలబెట్టేవాడు. ఊదుగొట్టం చేతికిచ్చి పిస్తోలనుకోమనేవాడు. అన్నం పొయ్యి మీద మాడుతుంటే నేను భయపడినట్టు చూడాలి. నిజంగానే భయం వేసేది, అన్నం మాడుతోందని! ఆ బొమ్మ చూసి మీరు నన్ను నూతిలో తోశారు. రైల్లోంచి తోశారు. పాయసంలో విషం పెట్టి చంపారు. చంపనప్పుడు నాచేత చంపించారు.”

“మీరు చదివేవారా?”

“అన్నీ చదివాను. అయిదో క్లాసు చదువుకున్నదాన్ని. కొత్త పుస్తకం రాగానే నేనెన్నో పేజీలో చస్తానో వెతుక్కునేదాన్ని. ఈయన ఒక్కటీ చదవలేదు.”

మస్తాన్ గారు నవ్వారు. “నా పని బొమ్మతో అయిపోయేది సార్. తర్వాత ఆమెను ఏం చేసినా మీ ఇష్టమనుకున్నాను.”

గది ముందు సందులోనే చాప వేసి కూర్చోబెట్టి టీ ఇచ్చారు. భుజంగరావు గారు వచ్చిన పని చెప్పారు. దాచకుండా అంతా చెప్పారు. బొమ్మ లేకుండా ఒక్క ముక్క రాయలేకపోతున్నానని, రాయకపోతే త్రిలోక్‌ను వాళ్లకు ఇచ్చెయ్యాలని, అతన్నిచ్చేస్తే తాను మళ్లీ కరెంటాఫీసు గుమాస్తాగానే మిగిలిపోతానని.

మస్తాన్ గారు కుడిచెయ్యి చాపి చూపించారు. వేళ్లు గాలికి ఆకుల్లా కదులుతున్నాయి. “గీత నిలవదు సార్. మనవడికి ఏనుగు గీసిస్తే ఎలకా అని అడిగాడు.”

“వణికినా పర్లేదు మస్తాన్ గారూ. గీయండి.”

“గీయాలంటే ఈవిడ కూర్చోవాలి. ఇన్నేళ్లూ ఇంకో మొహం గీయలేదు. నాకు రాదు.”

ఇద్దరూ ఖాసింబీ గారివైపు చూశారు. ఆవిడ టీ గ్లాసు కింద పెట్టింది.

“కూర్చుంటాను. కానీ ఈసారి నేను చావను.”

“సరేనమ్మా.”

“చంపను కూడా.”

“సరే.”

“కిటికీ దగ్గర నిలబడి కెవ్వుమనను.”

“అలాగేనమ్మా. మరి మీరేం చేస్తారు?”

“కనిపెడతాను.”

“కనిపెట్టేది త్రిలోక్ కదమ్మా.”

“ఇన్నాళ్లూ ఆయనే కనిపెట్టాడుగా. అలిసిపోయుంటాడు. కూర్చోమనండి.”

“త్రిలోక్ లేకపోతే వాళ్లు కథ తీసుకోరమ్మా. వాళ్లకు కావాల్సింది ఆ పేరే.”

“అయితే ఆ పేరే ఇచ్చెయ్యండి. నా మొహం మాత్రం ఇవ్వను.”

మాట కటువుగా అనలేదు. కూరగాయల బండి దగ్గర ఇంతకంటే ఇవ్వనని చెప్పినట్టు చెప్పింది. మస్తాన్ గారు ఆకాశం చూశారు. సందు మొదట్లో మునిరాజు ఆటోలో కాళ్లు చాపుకుని నిద్రపోతున్నాడు. భుజంగరావు గారికి త్రిలోక్ గుర్తొచ్చాడు. త్రిలోక్‌కు కోటు వేసింది తను, టోపీ పెట్టింది తను. పెళ్లి చేయమని పాఠకులు ఎంత పోరినా చేయకుండా కాపాడుకుంది తను. అతన్ని విడిచిపెట్టాలంటే ఆయనకు మనసొప్పడం లేదు. కానీ వారం రోజులుగా పిలుస్తున్నా అతను పలకడం లేదు. ఎదురుగా మాత్రం ఒక మనిషి, కనిపెడతానని చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

“గీయండి మస్తాన్ గారూ” అన్నారు చివరికి. “ఈవిడే కనిపెడుతుంది.”

ఖాసింబీ గారు తోటకూర కట్ట, చాట తెచ్చుకుని గడపలో కూర్చుంది. “ఖాళీ చేతుల్తో కూర్చోను” అంది. మస్తాన్ గారు పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, మనవడి స్కెచ్ పెన్నులు ముందేసుకున్నారు. భుజంగరావు గారికి బొమ్మ పుడుతుండగా చూడడం అదే మొదటిసారి. గీత వణుకుతూనే పోయింది. వణుకుతూ పోయినందువల్ల గోడ నిజంగా పాతగోడలా, తోటకూర నిజంగా తోటకూరలా వచ్చింది. ఆవిడ మొహం కూడా వచ్చింది, ముడతలతో సహా. వెనక వరసగా తలుపులు. మస్తాన్ గారు అలవాటు కొద్దీ ఒక మూలకు పోయి ఇంకేదో గీశారు.

భుజంగరావు గారు ముందుకు వంగారు. బొమ్మలో మూడో గదికి తాళం ఉంది. తాళం వేసిన తలుపు ముందు ఒక జత చెప్పులు.

“తాళం వేసుకుని పోయినవాడు చెప్పులు వదిలేసి ఎందుకు పోతాడు?” అన్నారు నెమ్మదిగా. తలెత్తి చూస్తే నిజంగానే ఎదురుగా మూడో గదికి తాళం, ముందు చెప్పులు.

“అదా? ఆ అబ్బాయి ఒరిస్సావాడు. ఫ్యాక్టరీవాళ్లు బూట్లు...” అని ఖాసింబీ గారు అందుకుంది.

“చెప్పకండి! చెప్పకండమ్మా!” అంటూ భుజంగరావు గారు రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. ఆయన అరుపుకు మునిరాజు లేచి ఆటో దిగి పరిగెత్తుకొచ్చాడు. ఏమైంది, ఎవరు కొట్టారు అని అడుగుతుంటే మస్తాన్ గారు నవ్వాపుకోలేక గోడకు ఆనుకున్నారు.

ఆ బొమ్మ వర్తూరు గోడ ఎక్కింది. మర్నాడు పొద్దున్న సుందరి గారు లేచేసరికి ఆయన మూడు కాగితాలు నింపేశారు. కాఫీ పెడితే చల్లారిపోయింది. ఆవిడ గ్లాసు తీసుకెళ్లి మళ్లీ వేడి చేసి తెచ్చింది.

శ్రీజ వచ్చి ఫ్యానుకింద కూర్చుని చదివింది. చదువుతున్నంతసేపూ ఫోను మోగుతున్నా తీయలేదు. అయిపోయాక, “అంకుల్, త్రిలోక్ ఎక్కడ?” అంది.

“లేడమ్మా. ఇక నుంచి అతను మీవాడు. కాగితాలు తెస్తే సంతకం పెడతాను. ఎవరిచేత రాయించుకున్నా నాకు అభ్యంతరం లేదు. సిగరెట్ మాత్రం మాన్పించండి, అతనికీ వయసైంది.”

“ఆర్ యూ ష్యూర్ అంకుల్? ఈ ఆంటీ కథ మా టీమ్ ఒప్పుకుంటుందో లేదో నాకు తెలీదు. ట్రై చేస్తాను గానీ ప్రామిస్ చేయలేను.”

భుజంగరావు గారు గోడవైపు చూశారు. “ఒప్పుకోకపోతే ఇంకెవరికైనా ఇస్తాను. ఎవరూ తీసుకోకపోయినా రాస్తాను. ఈ కథ ఆగదమ్మా ఇప్పుడు.”

శ్రీజ కాగితాలు సంచిలో పెట్టుకుని మెట్లు దిగి, సగం దారిలో ఆగి మళ్లీ పైకి వచ్చింది. “అంకుల్, ఆ చెప్పులు ఎవరివి? అది చెప్పండి చాలు.”

“నాకు తెలియదమ్మా. అడగాలి.”

ఆ అమ్మాయి వెళ్లాక ఆయన హెబ్బగోడికి ఫోన్ చేశారు. ఇన్నేళ్లలో అట్టమీద మనిషిని ఏం చేయమంటారని అడగడం అదే మొదలు. తనే నూతిలో తోసేసేవారు, తనే రైలు ఎక్కించేసేవారు.

“ఖాసింబీ గారూ, ఒక్కమాట. తాళం వేసిన గది. బయట చెప్పులు. మనిషి రెండు రోజులుగా కనబడడం లేదు. మీకు అనుమానం వచ్చింది. ముందు ఎవరికి చెప్తారు? ఇంటాయనకా, పోలీసులకా?”

అవతల కుక్కర్ కూత వినిపించింది. ఆవిడ స్టవ్ తగ్గించి వచ్చింది.

“ఎవరికీ చెప్పను. ఆ చెప్పులు తీసి మా ఇంట్లో దాచేస్తాను. తెల్లారాక వాటి కోసం కళ్లతో వెతికేవాడు ఎవడో చూస్తాను. సంగతి తెలియనివాడు చెప్పులు లేవని గమనించడు కదా.”

“ఆగండమ్మా, ఆగండి” అన్నారు భుజంగరావు గారు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కాగితం దగ్గరికి లాక్కున్నారు. “ఆ, ఇప్పుడు చెప్పండి. చెప్పులు ఎక్కడ దాస్తారు?”

“బియ్యం డబ్బా వెనక” అంది ఆవిడ. ఆయన రాసుకున్నారు.

సొన్నమ్మ, అరవై ఆరేళ్లు, వర్తూరు, బెంగుళూరు.